పాట వెనక ఉన్నవాళ్ల పేర్లు వేయండి, వాళ్ల కూలి ముందే మాట్లాడండి

ఏటా కొత్త పాటలు విడుదల చేసే పరిచర్యల (క్రైస్తవ సేవా సంస్థల) పెద్దలకు, సంఘ కాపరులకు, మందిర కమిటీ సభ్యులకు ప్రభువు నామమున వందనాలు.

దసరా దాటిందంటే స్టూడియోల్లో డేట్లు దొరకవు. ముందు క్రిస్మస్ పాటలు, వెంటనే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పాడే కొత్త సంవత్సరం పాటలు, ఆ తర్వాత కన్వెన్షన్లనే పెద్ద సువార్త సభల కోసం ఆ ఏడాది ఆల్బం. ఆ హడావుడి మొదలయ్యాక ఎవరికీ ఎవరి మాటా వినే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ స్టూడియోల్లో క్రైస్తవ పాటలకు కోరస్ పాడతాను, ముఖ్య గాయకులు విని నేర్చుకునే ట్రాక్ పాడతాను. ఆదివారం మా సంఘంలో ఆరాధన నడిపిస్తాను. పెళ్లికి ముందు నుంచీ ఇదే నా పని. మీలో కొందరి ఆల్బమ్స్‌లో నా గొంతు ఉంది. మీ ప్రార్థనల వల్ల మేలు పొందినదాన్ని. మీ మీద గౌరవంతోనే ఈ మాటలు చెప్తున్నాను.

మిమ్మల్ని అడిగేది ఇది. మీరు చేయించే ప్రతి పాటకూ పని మొదలవకముందే ఎవరికి ఎంత అన్నది కాగితం మీద రాయండి. పని అయిన రోజే డబ్బు ఇవ్వండి. పాట బయటికి వచ్చినప్పుడు దానికి పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ వేయండి.

పాట ఎలా తయారవుతుందో మీకు తెలుసు. సంఘంలో కూర్చుని వినే విశ్వాసులకు అంతగా తెలియదు, ఈ లేఖ వాళ్లూ చదువుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కాపరి అయ్యగారు ప్రార్థనలో ఉండగా ఒక పల్లవి వస్తుంది. దాన్ని ఫోన్‌లో పాడి వాట్సాప్‌లో పంపిస్తారు. శ్రుతి ఒక చోట మొదలై ఇంకో చోట తేలుతుంది. తాళం ఉండదు. చరణంలో రెండో లైనుకి వచ్చేసరికి ఏదో పాత పాట బాణీలోకి జారిపోతుంది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, సంగీతం నేర్చుకోని మనిషికి పాట వచ్చేది అలాగే. ఆ వాయిస్ మెసేజ్‌ని కీబోర్డ్ ముందు కూర్చున్న అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ వింటాడు. ఇది మోహన రాగానికి దగ్గరగా ఉందని పోల్చుకుంటాడు. "అయ్యగారూ, ఇక్కడ మీరు వేరే స్వరం పలికించారు, అది ఉంచాలా తీసేయాలా" అని అడుగుతాడు. నడక సిక్స్ ఎయిట్‌లో పెట్టి చూస్తాడు, బాగోకపోతే ఫోర్ ఫోర్‌లోకి మారుస్తాడు. చరణంలో అక్షరాలు ఎక్కువైతే "ఈ ఒక్క మాట తీసేస్తే తాళంలో కూర్చుంటుంది" అంటాడు. జారిపోయిన రెండో లైనుకి కొత్త బాణీ అతనే కట్టి, నాతో పాడించి, అయ్యగారికి వినిపిస్తాడు. అయ్యగారు "ఆ, నేను అనుకున్నది ఇదే" అంటారు. ఇక పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్ ఉందే, సండే స్కూల్ పిల్లలు మాటలకన్నా ముందు పట్టుకుని కూనిరాగం తీసే ఆ ఫ్లూట్ ముక్క, అది పూర్తిగా అతని బుర్రలోంచి వచ్చిందే.

ఆ తర్వాత రిథమ్ ప్రోగ్రామింగ్. ఆ పైన తబలా, డోలక్, ఫ్లూట్ లైవ్‌గా వాయిస్తారు. బడ్జెట్ ఉంటే వయొలిన్లు, వీణ చెన్నైలో రికార్డ్ చేయిస్తారు. ముఖ్య గాయకులు నేర్చుకోవడానికి వీలుగా మాలాంటివాళ్లం ట్రాక్ పాడతాం. ముగ్గురం నలుగురం నిలబడి ఒకే లైను లేయర్ల మీద లేయర్లు పాడితే, వినేవాళ్లకు పెద్ద గాయక బృందం పాడినట్టు ఉంటుంది. చివరికి మిక్సింగ్, మాస్టరింగ్. ఆ పని చేసే కుర్రాడు మా శ్వాసలు, పక్క గదిలో తలుపు చప్పుడు, పాస్టర్ గారి గొంతులో శ్రుతి తప్పిన చోట్లు అన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తూ తెల్లవార్లూ కూర్చుంటాడు.

పాట యూట్యూబ్‌లోకి వస్తుంది. "రచన, స్వరకల్పన, గానం" అని ఒక్క పేరే ఉంటుంది. కీబోర్డ్ అబ్బాయి పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తబలా, ఫ్లూట్, కోరస్, మిక్సింగ్ అన్నవి అసలు ఎవరూ చేయనట్టే ఉంటుంది. అందరూ ఇలాగే చేస్తున్నారని అనను. సంగీతం చేసినవాళ్ల పేర్లు, గాయకుల పేర్లు, వాద్యాల పేర్లతో సహా శ్రద్ధగా వేసే పరిచర్యలు తెలుగులో ఉన్నాయి. అలాంటి వీడియో కింద మా పేరు చూసుకున్న రోజు ఇంట్లో అందరికీ చూపించుకుంటాం. ఆ వీడియో లింకు పంపి ఇంకో పని అడగగలుగుతాం. మా పనికి ఇంకో సర్టిఫికెట్ ఏదీ లేదు. పేరు లేకపోతే ఎంత కాలం పాడినా మళ్లీ కొత్తవాళ్లలాగే అడుక్కోవాలి.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఏ పరిచర్యో చెప్పను. ఒక పాటకు ట్రాక్ పాడమని పిలిచారు, పాడాను. పాడాల్సిన అమ్మాయికి గొంతు పట్టేసి డేట్ తప్పింది. విడుదల తేదీ ఫ్లెక్సీల మీద ముందే వేసేశారు. దాంతో నా ట్రాకే ఉంచేశారు. వీడియోలో ఆ అమ్మాయి పెదవులు కదిపింది, పేరు కూడా ఆ అమ్మాయిదే వేశారు. నాకు ఎవరూ చెప్పలేదు. కువైట్‌లో పనిచేసే మా పిన్ని కూతురు రాత్రి ఫోన్ చేసి "అక్కా, ఈ గొంతు నీదే కదా, పేరు వేరే ఉందేంటి" అని అడిగితే తెలిసింది. ట్రాక్‌కి ఇచ్చిన డబ్బే తప్ప ఇంకేమీ రాలేదు. ఆ అమ్మాయి పరిస్థితి నాకన్నా కష్టం అయింది. ప్రతి సభలో ఆ పాటే పాడమంటారు. నా శ్రుతి ఆమెకు అందదు. స్టేజీ ఎక్కే ముందు ఆమె పడే టెన్షన్ నేను కళ్లారా చూశాను. ఒక్క పేరు సరిగ్గా వేసి ఉంటే ఇద్దరికీ ఆ బాధ తప్పేది.

ఇక డబ్బు సంగతి. సువార్త సభలకు పిలిచేటప్పుడు ఎంత ఇస్తారో ఎవరూ చెప్పరు. సభ అయ్యాక ప్రార్థన చేసి "ప్రేమ కానుక" అని కవరు చేతిలో పెడతారు. అక్కడ విప్పి చూడలేం. బస్సెక్కాక చూస్తే ఒక్కోసారి మంచిగానే ఉంటుంది, ఒక్కోసారి ప్యాడ్స్ పెట్టెతో కలిపి ఇద్దరి రానుపోను ఛార్జీలకు కూడా చాలదు. పోనీ ముందే అడుగుదామా అంటే, "డబ్బు కోసం పాడేవాళ్లు" అన్న ముద్ర పడుతుంది. ఆ మాట ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి చాలా త్వరగా పాకుతుంది. ఆ భయంతోనే ఎవరూ నోరు తెరవరు.

అదే సభకు షామియానా ఆయనకు అడ్వాన్సు ఇస్తాం. సౌండ్ సిస్టమ్ దింపిన రోజే సగం డబ్బు కడతాం. ఎల్‌ఈడీ వాల్‌కి కొటేషన్ తీసుకుంటాం. వంటమేస్త్రీతో తలకు ఇంత అని బేరం మాట్లాడతాం. ఆ డబ్బు అడిగినందుకు వాళ్లకు ఆత్మీయత లేదని మనం ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ల పని వాళ్లు చేశారు, మనం ఇవ్వాల్సింది ఇచ్చాం. స్టేజీ మీద మూడు గంటలు వాయించే మనిషి విషయంలో మాత్రమే లెక్క మారుతోంది. ఎందుకు మారాలో మీరే ఆలోచించండి.

"మీది సేవ కదా, ప్రతిఫలం పైనుంచి వస్తుంది" అని మాతో చెప్తారు. మేమూ నమ్ముతాం. కానీ దేవుని మందిరంలో పాడేవాళ్లకు తిండి పెట్టే ఏర్పాటు బైబిల్లోనే ఉంది. దావీదు కాలంలో గానం నేర్చుకుని ప్రవీణులైనవాళ్లు 288 మంది అని దినవృత్తాంతాల మొదటి గ్రంథం 25వ అధ్యాయం లెక్క చెప్తుంది. అదే గ్రంథం 9వ అధ్యాయంలో, గాయకులు రాత్రింబగళ్లు ఆ పనిలోనే ఉంటారు గనుక వాళ్లకు వేరే పని పెట్టలేదని ఉంటుంది. నెహెమ్యా గ్రంథం 11వ అధ్యాయంలో గాయకులకు ఏ రోజు భాగం ఆ రోజు ఇవ్వాలని రాజాజ్ఞ ఉంది. ఆ భాగం ఆగిపోతే ఏమైందో 13వ అధ్యాయం చెప్తుంది. లేవీయులూ గాయకులూ మందిరం విడిచి ఎవరి పొలాలకు వాళ్లు పోయారు. అప్పటి అధిపతి నెహెమ్యా వచ్చి చూసి ఎవరిని గద్దించాడు? పొలానికి పోయిన గాయకులను ఒక్క మాట కూడా అనలేదు. మందిరం ఎందుకు ఇలా వదిలేశారని అధికారులను నిలదీశాడు. ఆ తర్వాత గాయకులను మళ్లీ వాళ్ల స్థానాల్లో నిలబెట్టాడు. మీరు ఈ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటారు, దశమభాగాల గురించి చెప్పేటప్పుడు. గాయకుల గురించి కూడా ఒక్కసారి ప్రసంగించమని నా మనవి.

మన గాయకుల పొలాలు ఏమిటో నాకు తెలుసు. పగలు బైక్ ట్యాక్సీ నడిపే కీబోర్డ్ ప్లేయర్ ఉన్నాడు. మొబైల్ షాపులో కూర్చునే ఫ్లూట్ అబ్బాయి ఉన్నాడు. ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్లు ఉన్నారు, సెలవుల్లో వాళ్లకు జీతం రాదు. పెళ్లి ఆర్కెస్ట్రాలకు వెళ్లి వచ్చి, అందుకు సంఘంలో మాట పడినవాళ్లు ఉన్నారు. ఆ మాట అన్నవాళ్లు ఆ నెల అతనికి ఎలా గడుస్తోందని మాత్రం అడగలేదు. మే నెలలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ తరగతులు) పాటల వల్ల కాస్త పని దొరుకుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వానల్లో సభలు ఉండవు, ఈఎంఐలు మాత్రం ఆగవు. 2020 మార్చిలో మందిరాలు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ ఆరాధనల కోసం ఇంట్లో కూర్చుని ఉచితంగా ట్రాకులు చేసి పంపినవాళ్లు వీళ్లే. ఆ రోజుల్లోనే కీబోర్డ్ అమ్ముకుని ఇంటి అద్దె కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి. వీళ్లలో చాలామంది దళిత పేటల నుంచి వచ్చారు. చిన్నప్పుడు మందిరంలో కంజీర పట్టుకుని మొదలుపెట్టినవాళ్లే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడిగా నమోదైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీలోకి వస్తారు. కాబట్టి ఎస్సీ రిజర్వేషన్ వీళ్లకు లేదు. ఆ విశ్వాసం కోసమే ఆ ఆసరా వదులుకున్న మనిషికి సంఘం కూడా ఆసరా ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్తాడు?

పేర్ల గురించి మీరు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. "మహిమంతా దేవునికే చెందాలి, మనుషుల పేర్లు ఎందుకు" అంటారు. కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. 12 కీర్తనల తలమీద దావీదు కాలపు గాయకుడు ఆసాపు పేరు ఉంది. కోరహు కుమారుల పేరు ఉంది, హేమాను పేరు ఉంది, ఏతాను పేరు ఉంది. ఏ రాగంలో పాడాలో, ఏ వాద్యంతో పాడాలో కూడా కొన్నిటి మీద రాసి ఉంది. ఆ పేర్ల వల్ల దేవుని మహిమ ఏమైనా తగ్గిందా? రోమా పత్రిక 16వ అధ్యాయంలో, పౌలు చెప్తుంటే రాసిన తెర్తియు "ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెప్తున్నాను" అని మధ్యలో తన పేరు చేర్చుకున్నాడు. పౌలు దాన్ని కొట్టేయలేదు. మిక్సింగ్ చేసిన అబ్బాయి పేరు ఎక్కడ వేయాలా అని సందేహం వచ్చినప్పుడు నాకు తెర్తియు గుర్తొస్తాడు.

మన తెలుగు సంఘం కూడా మొదటి నుంచీ పేర్లు నిలబెట్టిన సంఘమే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం ఉంటాయి, రాసినవారి పేరు ఉంటుంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలను ఈరోజు పల్లెటూరి మందిరంలో చదువురాని ముసలమ్మ కూడా "చౌదరి గారి కీర్తన" అని చెప్పి పాడుతుంది. ఆ పుస్తకం కూర్చినవాళ్లు పేర్లు తీసేసి ఉంటే మనకు ఆయన తెలిసేవాడే కాదు. క్యాసెట్ల కాలంలో కూడా లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో తబలా ఎవరు, వయొలిన్ ఎవరు అని ఉండేది. యూట్యూబ్‌లో వివరణ రాసుకోవడానికి ఎంత చోటు కావాలంటే అంత ఉంది. పేర్లు మాత్రం ఎక్కడం లేదు.

చట్టం గురించి మనవాళ్లలో చాలా అపోహలు ఉన్నాయి, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను. మీ చానల్‌లోని పాటను వేరేవాళ్లు ఎక్కిస్తే మీరు కాపీరైట్ స్ట్రైక్ వేస్తారు. వేయాల్సిందే, అది మీ హక్కు. ఆ హక్కు ఇచ్చింది 1957 కాపీరైట్ చట్టం. అదే చట్టం మాకూ కొన్ని హక్కులు ఇచ్చింది. 2012లో వచ్చిన సవరణ ప్రకారం, రికార్డింగ్‌లో వాడిన పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ ఆ పాట మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని వాళ్లు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. వారసులకు గానీ, రాయల్టీ వసూలు చేసి సభ్యులకు పంచే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఆ హక్కు ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు. కాపీరైట్ బదిలీ నోటిమాటతో కుదరదు, రాతపూర్వకంగా ఉండి సంతకం ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 సంవత్సరాలకే చెల్లుతుంది, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియాకే పరిమితం. అమెరికాలోని తెలుగువాళ్లు కూడా చూసే మన చానళ్లకు ఈ ఒక్క లైనే చాలా పెద్ద విషయం. రచయిత తన హక్కులు రాసిచ్చేశాక కూడా "ఇది నేను రాసింది" అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఆయనకే ఉంటుంది. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ తమ పేరుతో గుర్తింపు కోరే హక్కును 38బి సెక్షన్ ఇచ్చింది.

ఇది వినగానే చిన్న సంఘాల కాపరులు భయపడతారు. "అయితే ఆదివారం పాడే ప్రతి పాటకూ డబ్బు కట్టాలా?" అని ఒక పెద్దాయన నన్ను నిజంగానే అడిగారు. అక్కర్లేదు. నిజమైన మతపరమైన ఆరాధనలో పాట పాడటం ఉల్లంఘన కిందికి రాదని 52వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. రేకుల షెడ్డులో ఒక హార్మోనియంతో నడిచే సంఘం ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. నేను మాట్లాడేది రికార్డ్ చేసి, చానల్‌లో పెట్టి, దాని మీద ఆదాయం వస్తున్న పాట గురించి. ఇంగ్లీషు, హిందీ, తమిళ పాటలను తెలుగు చేసి విడుదల చేసేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. కాపీరైట్ ఇంకా ఉన్న పాటైతే దాని హక్కుదారు అనుమతి తీసుకోవాలి, మూల రచయిత పేరు వేయాలి.

రచయితలూ స్వరకర్తలూ చేరడానికి 1969 నుంచి ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీ ముంబైలో ఉంది. గాయకుల కోసం 2013లో ఇస్రా అనే సొసైటీ ఏర్పడింది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. మనవాళ్లలో సినిమాలకు పనిచేసేవాళ్లకు ఇవి తెలుసు, క్రైస్తవ పాటలకే పరిమితమైనవాళ్లలో చాలామంది పేరు కూడా వినలేదు. మీ సంఘంలో పాటలు రాసే యువకులకు ఈ విషయం మీరే చెప్పండి. మీలో పాటలు రాసే అయ్యగార్లకు కూడా ఇందులో మేలే ఉంది.

సువార్త గీతం ఒక వృత్తిగా ఎదిగిన అమెరికాలో కూడా ఇది సులువుగా జరగలేదు. మహేలియా జాక్సన్ 1911లో న్యూఆర్లీన్స్‌లో పేద ఇంట్లో పుట్టి, షికాగో చేరి, ఆ దేశమంతా ఎరిగిన సువార్త గాయని అయింది. నైట్‌క్లబ్బుల్లో పాడితే ఎంతైనా ఇస్తామన్నా వెళ్లలేదు. కానీ తన పాటకు డబ్బు ముందే నగదుగా చేతికి ఇవ్వాలని పట్టుబట్టేది. ఎగ్గొట్టేవాళ్లను చూసి చూసి నేర్చుకున్న పద్ధతి అది. ఆమె భక్తిని ఆ పట్టుదల ఏమీ తగ్గించలేదు. ఆమెతో పాటు తిరిగిన థామస్ డోర్సీ, బ్లూస్ పియానో వదిలి సువార్త గీతాల వైపు వచ్చినవాడు. తన పాటలను తనే అచ్చు వేసుకుని సంఘం సంఘం తిరిగి కాగితాలుగా అమ్మాడు. తర్వాత 1988లో సీసీఎల్ఐ అనే సంస్థ మొదలైంది. పాటల మాటలు అచ్చు వేసుకోవడానికీ తెర మీద చూపించుకోవడానికీ సంఘాలు తమ సైజును బట్టి ఏడాదికి ఇంత అని కడతాయి, ఏ పాటలు వాడామో లెక్క చెప్తాయి. ఆ డబ్బు రచయితలకు వెళ్తుంది. తెలుగు పరిచర్యలన్నీ కలిస్తే ఇలాంటిది మనకూ సాధ్యమే. కానీ అంత పెద్ద ఏర్పాటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ క్రిస్మస్ కూడా గడిచిపోతుంది. నేను ముందు చెప్పిన కాగితం, డబ్బు, పేర్లు రేపే మొదలుపెట్టొచ్చు.

జీతం తీసుకుంటే పరిచర్య చెడిపోతుందన్న మాట కూడా నిలబడదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించినప్పుడు అందరం సంతోషించాం, అర్హులైన ప్రతి ఒక్కరికీ అందాలని కోరుకున్నాం. అది తీసుకున్న కాపరి ప్రార్థనలో బలం తగ్గిందని ఎవరూ అనలేదు. ఆయన పక్కన నిలబడి వాయించేవాడికి అలాంటిది ఏదీ లేదు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. రికార్డింగ్ రాత్రి పదకొండుకు అయిపోతే ఇంటికి ఎలా వెళ్తావమ్మా అని అడిగేవాళ్లు తక్కువ. సభలకు ఒక్కో రోజుకు ఒక్కో రంగు చీర యూనిఫాం అంటారు, ఆ చీరలు మేమే కొనుక్కోవాలి. ఒక్కోసారి మూడు రోజుల సభలకు వచ్చే కానుక ఆ చీరలకే సరిపోదు. అదే స్టేజీ మీద మగ గాయకుడికి ఇచ్చే కవరుకీ మాకు ఇచ్చే కవరుకీ తేడా ఉంటుంది, "నీకు భర్త సంపాదన ఉంది కదమ్మా" అంటారు. చంటిపిల్లల్ని తీసుకొచ్చే చెల్లెళ్లకు కూర్చోవడానికి ఒక గది ఉండదు. ఇంటికి దిగబెట్టే కారు, చీరలకు డబ్బు, ఒక గది. ఇవేమీ పెద్ద ఖర్చులు కావు.

మా వైపు నుంచి జరిగే పొరపాట్లు కూడా ఉన్నాయి. అడ్వాన్సు తీసుకుని ఇంకో ప్రోగ్రాంకి వెళ్లిపోయేవాళ్లు, గంటలు గంటలు ఆలస్యంగా వచ్చేవాళ్లు, వాక్యం చెప్తుంటే వెనక ఫోన్లు చూసుకునేవాళ్లు మాలో ఉన్నారు. కాగితం మీద రాసుకుంటే అది మమ్మల్ని కూడా కట్టిపడేస్తుంది. మేం ఎన్ని గంటలకు రావాలో, రాకపోతే డబ్బు ఎంత వెనక్కి ఇవ్వాలో కూడా అందులో రాయండి.

తెనాలి దగ్గర ఒక చిన్న సంఘం ఉంది. అక్కడి అయ్యగారు క్రిస్మస్‌కి ఒక్క పాట చేయించారు. పెద్ద బడ్జెట్ లేదు. స్టూడియోకి రాగానే సంచిలోంచి ఒక రూళ్ల నోటుబుక్ తీశారు. ఒక పేజీలో మా అందరి పేర్లు, ఎవరు ఏం చేయాలి, ఎవరికి ఎంత అని తన చేత్తో రాసుకొచ్చారు. "ఇంతే ఇవ్వగలను తల్లీ, ఇష్టమైతేనే చేయండి, మొహమాటం వద్దు" అన్నారు. మా రేటు కన్నా తక్కువే. ఒక్కరు కూడా కాదనలేదు. సాయంత్రం ఒక్కొక్కరినీ పిలిచి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఆ పేజీలోనే సంతకాలు తీసుకున్నారు. వీడియో వచ్చినప్పుడు చూస్తే ఆ నోటుబుక్‌లోని పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఆ అయ్యగారు ఎప్పుడు పిలిచినా వేరే పని వదులుకునైనా వెళ్తాం.

ఈ సీజన్‌లో మీరు చేయించే కాగితం ఒక్క పేజీ ఉంటే చాలు. పాట పేరు, రచన ఎవరిది, బాణీలో ఎవరి చేయి ఎంత, పాడేది ఎవరు, వాయించేది ఎవరు, మిక్సింగ్ ఎవరు, ఎవరికి ఎంత, ఎప్పుడు, యూట్యూబ్ ఆదాయం వస్తే రచయితకూ స్వరకర్తకూ వాటా ఎలా పంచుతారు, ట్రాక్ గొంతునే ఫైనల్‌గా ఉంచితే ఏం చేస్తారు. కింద రెండు వైపులా సంతకాలు. బాణీ విషయంలో అయ్యగారి పల్లవినీ కీబోర్డ్ అబ్బాయి కట్టిన చరణాన్నీ రెండిటినీ గుర్తిస్తూ ఇద్దరి పేర్లూ వేయండి.

ఇప్పటికే మీ చానళ్లలో ఉన్న పాత పాటల సంగతి. వాటికి పేర్లు చేర్చడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మీ చానల్ చూసే కుర్రాడు వివరణలోకి వెళ్లి టైప్ చేస్తే అయిపోతుంది. ఏ పాటకు ఎవరు వాయించారో మీకు గుర్తు లేకపోతే మాకు గుర్తుంది. పాటల లిస్టు మాకు పంపండి. మేం నలుగురం కూర్చుని ఒక్కో పాట విని, ఫ్లూట్ ఎవరిది, డోలక్ ఎవరిది, కోరస్‌లో ఎవరెవరు ఉన్నారు అని రాసి, వాళ్లతో సరిచూసి మీకు తిరిగి పంపిస్తాం. చనిపోయినవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ల పిల్లలు ఆ పాటలు ఇప్పటికీ వింటున్నారు. ముందు వాళ్లు వాయించిన పాటల లిస్టు పంపండి.

ప్రభువు సేవలో,
ఒక కోరస్ గాయని,
గుంటూరు